వేడికి చావని బ్యాక్టీరియా: పార్సిప్పనీ అడ్రసున్న సీసాలో ఏముంది, మన కడుపుకి ఎంతవరకు పనికొస్తుంది?

ఈ ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది. మాట్లాడేటప్పుడు టైం చాలక వదిలేసినవి, మీరు వాయిస్ మెసేజ్‌లలో ఎక్కువగా అడిగినవి ఇక్కడ వివరంగా రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, ఐటీఐ చదివి సైట్ల మీద పనిచేసేవాణ్ణి. కాబట్టి మందు రాయడం నా పని కాదు. ఒక వస్తువు కొనేముందు దాని మీద రాసింది చదివి, అది చెప్పిన పని నిజంగా చేస్తుందా అని చూడటం మాత్రం రోజూ చేసే పనే. ఇక్కడా అదే చేద్దాం.

మీరు అడిగిన ప్రశ్న దాదాపు ఒకటే. "అన్నా, ఫ్రిజ్ అక్కర్లేదు, వేడికి కూడా చావదు అని ప్రోబయోటిక్ మాత్రలు అమ్ముతున్నారు. మేముండేది క్యాంపుల్లో, రూముకి పదిమందిమి, ఫ్రిజ్‌లో చోటుండదు. ఎండలో పని, బయట తిండి, నెలకోసారి కడుపు పాడవుతుంది. ఈ మాత్రలు కొనుక్కుంటే మంచిదేనా?"

ముందే జవాబు చెప్పేస్తా. వేడికి తట్టుకుంటుంది అన్నది నిజమే. కానీ ఆ మాట సీసా నిల్వ గురించి. మీ విరేచనాలు ఆగుతాయా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు కూడా వేరే. అమ్మేవాళ్ళు ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తారు. మనం విడదీసి చూడాలి.

అసలు ఏమిటీ బ్యాక్టీరియా

దీని పేరు బాసిల్లస్ కోయాగ్యులాన్స్. పలకడానికి కష్టమే, కానీ కథ బాగుంటుంది. 1915లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, పాలను కాచి చిక్కబరిచి డబ్బాల్లో నింపే ఒక ఫ్యాక్టరీలో డబ్బాల లోపల పాలు గడ్డకట్టిపోవడం మొదలైంది. సీలు వేసిన డబ్బా, పైగా బాగా వేడి చేసిన డబ్బా. అందులో ఏ క్రిమీ బతికి ఉండకూడదు. అయోవా వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బి. డబ్ల్యూ. హామర్ అనే శాస్త్రవేత్త ఆ పాలను పరీక్షించి, ఇది చేస్తున్న బ్యాక్టీరియాని పట్టుకున్నాడు. పాలను గడ్డకట్టిస్తుంది కాబట్టి కోయాగ్యులాన్స్ అని పేరు పెట్టాడు.

అంటే దీనికి మొదట పేరొచ్చింది మందుగా కాదు, దొంగగా. ఈనాటికీ డబ్బాల్లో నింపే టమాటా రసం ఫ్యాక్టరీలకి ఇదొక తలనొప్పి. చాలా క్రిములు చేరితే గ్యాస్ పుట్టి డబ్బా ఉబ్బుతుంది. ఇది చేరితే డబ్బా ఉబ్బదు, లోపల రసం మాత్రం పుల్లగా మారిపోతుంది. బయటికి ఏమీ తెలియదు.

తర్వాత 1930ల మొదట్లో సోవియట్ రష్యాలో ఇలాంటి బ్యాక్టీరియానే మళ్ళీ గుర్తించి, లాక్టోబాసిల్లస్ స్పోరోజెనెస్ అని ఇంకో పేరు పెట్టారు. తీరా చూస్తే రెండూ ఒకటేనని తేలింది. 1957 నాటి బర్గీ మాన్యువల్, అంటే బ్యాక్టీరియాల వర్గీకరణకి ప్రామాణికంగా చూసే పుస్తకం, రెండో పేరుని తీసి కోయాగ్యులాన్స్ కిందే చేర్చింది. అయినా పాత పేరు మార్కెట్‌లో చావలేదు. మళ్ళీ ఈ మధ్య, 2020లో దీన్ని వైజ్మానియా కోయాగ్యులాన్స్ అన్నారు, 2023లో హేండ్రిక్సియా కోయాగ్యులాన్స్ అన్నారు. మీరు సీసా తిప్పి చూసినప్పుడు ఈ నాలుగు పేర్లలో ఏది కనబడినా సరుకు ఒకటే జాతిదని గుర్తుపెట్టుకోండి. ఇండియాలో కొన్ని స్ట్రిప్‌ల మీద "లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్" అని మాత్రమే ఉంటుంది, చాలాసార్లు అదీ ఇదే.

వేడిని ఎలా తట్టుకుంటుంది

వడ్ల గింజనీ వరి మొక్కనీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. మొక్కని ఏప్రిల్ ఎండలో నీళ్ళు లేకుండా వదిలేస్తే రెండ్రోజుల్లో మాడిపోతుంది. అదే వడ్లు గాదెలో పోస్తే నెలల తరబడి అలాగే ఉంటాయి. నీళ్ళు తగిలితే మొలకెత్తుతాయి. రెండింట్లోనూ ఉన్నది ఒకే ప్రాణం, ఉన్న స్థితే వేరు.

ఈ బ్యాక్టీరియా కూడా అంతే. తిండి, తేమ ఉన్నప్పుడు మామూలు కణంలా పెరుగుతుంది, రెండుగా నాలుగుగా చీలుతుంది. పరిస్థితి బాగోలేనప్పుడు తనలోపలే ఒక గింజ లాంటిది తయారు చేసుకుంటుంది. దాన్ని స్పోర్ అంటారు. మన స్కూలు పుస్తకాల్లో సిద్ధబీజం అని చదివాం, గుర్తుందా? ఆ గింజ మధ్య భాగంలోంచి నీళ్ళు చాలావరకు బయటికి నెట్టేసి, ఆ చోట కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం అనే పదార్థాన్ని నింపుకుంటుంది. డీఎన్‌ఏ చుట్టూ చిన్న ప్రోటీన్లు కాపలా ఉంటాయి. బయట ఒక మందమైన పొర, దానిమీద ప్రోటీన్ తొడుగు. నీళ్ళు తక్కువ కాబట్టి వేడికి లోపలి భాగాలు తేలిగ్గా ఉడకవు. ఆ స్థితిలో అది తినదు, పెరగదు, చావదు. ఊరికే ఆగి ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే, సంచిలో ఉన్న సిమెంటు. పొడిగా ఉన్నంతకాలం దానికి ఏ పనీ లేదు. నీళ్ళు పడగానే పని మొదలవుతుంది. తేడా ఒకటే, సిమెంటు ఒకసారి గట్టిపడితే వెనక్కి రాదు. ఇది పరిస్థితి చెడితే మళ్ళీ గింజ అయిపోగలదు.

మొలకెత్తాక కూడా దీనికి వేడి అంటే ఇష్టమే. 35 నుంచి 50 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు కాబట్టి ఇబ్బంది లేదు. అందుకే కేకుల్లో, ఓట్స్ బార్లలో, టీ బ్యాగుల్లో కూడా దీని స్పోర్లు కలిపి అమ్ముతున్నారు. స్పోర్లు కట్టని ప్రోబయోటిక్ బ్యాక్టీరియాని ఓవెన్‌లో పెడితే ఏమీ మిగలదు.

"వేడికి చావదు" అన్నదాన్ని మరీ అక్షరాలా తీసుకోకండి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది లెక్క. మరుగుతున్న నీళ్ళలో స్పోర్లు ఒక్కసారిగా పోవు. కొంత సమయానికి పదోవంతు మిగులుతాయి, ఇంకా అంతసేపు ఉంచితే అందులో పదోవంతు. అలా తగ్గుతూ పోతాయి. టీలో ఐదు నిమిషాలు నానడం వేరు, గంటసేపు ఉడకడం వేరు.

మన పెరుగు సంగతేంటి

పెరుగు తోడువేసే ఎవరికైనా ఈ వేడి సంగతి తెలుసు. పాలు గోరువెచ్చగా ఉండగా తోడు వేస్తే పొద్దున్నకి గడ్డ పెరుగు. పొయ్యి మీంచి దించగానే వేస్తే పాలు పాలుగానే ఉంటాయి. ఎందుకంటే పెరుగు చేసే బ్యాక్టీరియా స్పోర్లు కట్టవు. 42, 45 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతాయి కానీ అంతకంటే బాగా ఎక్కువైతే చచ్చిపోతాయి. మజ్జిగ పులుసు కాచాక అందులో బతికున్న బ్యాక్టీరియా ఏమీ ఉండవు. తిండిగా మాత్రం అది మంచి తిండే. ప్రోటీన్, కాల్షియం ఎక్కడికీ పోవు.

ఇంకో తేడా కడుపులో. మన జీర్ణాశయంలో ఆమ్లం గట్టిగా ఉంటుంది. పెరుగు బ్యాక్టీరియాలో చాలా భాగం అక్కడే పోతాయి. స్పోర్ ఆ ఆమ్లాన్ని దాటుకుని చిన్నపేగు దాకా వెళ్ళగలదు. అక్కడ తేమ, తిండి దొరికి మొలకెత్తుతుంది, లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. కంపెనీలు "పెరుగు కంటే బాగా బతుకుతుంది" అని రాసుకునేది దీన్ని బట్టే. అది తప్పు మాట కాదు.

కానీ బతికి చేరడం ఒకటి, చేరాక పని చేయడం ఇంకొకటి. లారీ సైటుకి సరుకుతో క్షేమంగా వచ్చిందంటే బిల్డింగ్ లేచినట్టు కాదు కదా. పైగా ఇది మన పేగుల్లో కాపురం పెట్టదు. మాత్రలు ఆపేస్తే కొద్దిరోజుల్లో బయటికి పోతుంది. అందుకే రోజూ వేసుకోమంటారు. రోజూ కొనాలి కూడా.

పార్సిప్పనీకీ హైదరాబాద్‌కీ దీంతో సంబంధం

నేనుండేది న్యూజెర్సీలోని పార్సిప్పనీలో. రూట్ 46 మీద ఏ మందుల షాపులోకి వెళ్ళినా "డైజెస్టివ్ అడ్వాంటేజ్" అనే సీసా కనబడుతుంది. వెనక్కి తిప్పితే అడ్రసు మన ఊరిదే. ఎందుకంటే డెట్టాల్, లైసాల్ అమ్మే రెకిట్ కంపెనీకి అమెరికా హెడ్డాఫీసు ఇక్కడే, ఇంటర్‌పేస్ పార్క్‌వే మీద ఉంది.

ఆ సీసా ఇక్కడికి చేరిన దారి చూడండి. ఇందులో వాడే రకం పేరు జీబీఐ-30, 6086. దాన్ని అభివృద్ధి చేసింది ఒహాయో రాష్ట్రంలోని గానెడెన్ అనే కంపెనీ. 2011లో గానెడెన్ ఈ బ్రాండ్‌ని షిఫ్ అనే విటమిన్ల కంపెనీకి అమ్మేసింది. 2012 చివర్లో షిఫ్ కోసం బేయర్, రెకిట్ పోటీపడ్డాయి. రెకిట్ సుమారు 140 కోట్ల డాలర్లకి మొత్తం కంపెనీనే కొనేసింది. బ్రాండ్ పోయినా బ్యాక్టీరియా మీద హక్కు గానెడెన్ దగ్గరే ఉంది. 2017లో ఆ గానెడెన్‌ని ఐర్లాండ్‌కి చెందిన కెర్రీ గ్రూప్ కొన్నది. అంటే సీసా ఒకరిది, లోపలి బ్యాక్టీరియా ఇంకొకరిది.

ఇదే న్యూజెర్సీలో సబిన్సా అనే ఇంకో కంపెనీ ఉంది. 1988లో మన దేశం నుంచి వచ్చిన డాక్టర్ మహమ్మద్ మజీద్ మొదలుపెట్టాడు. వాళ్ళు అమ్మే రకం పేరు లాక్టోస్పోర్, నంబరు ఎంటీసీసీ 5856. తయారీ, పరిశోధన ఎక్కువగా బెంగళూరు వైపు.

ఇక హైదరాబాద్. మన చిన్నప్పుడు యాంటీబయోటిక్ రాసిన డాక్టర్ పక్కనే "స్పోర్‌లాక్" అని తెల్ల మాత్రలు రాసేవాడు, చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది కూడా ఈ బ్యాక్టీరియానే. పాత పేరు స్పోరోజెనెస్‌లోంచి వచ్చింది ఆ "స్పోర్". దాన్ని తీసుకొచ్చింది హైదరాబాద్ కంపెనీ యూని-శాంక్యో, పేరులోనే జపాన్ శాంక్యో ఉంది. తర్వాత ఆ కంపెనీ శాన్‌జైమ్ అయింది. వాళ్ళ రకం పేరు ఎస్‌ఎన్‌జెడ్ 1969. 2022 జనవరిలో స్పోర్‌లాక్‌తో పాటు ఇంకొన్ని బ్రాండ్లని జేబీ కెమికల్స్ 628 కోట్ల రూపాయలకి కొన్నది.

ఈ లెక్కలన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇందులో ఎంత వ్యాపారం ఉందో మీకు తెలియాలని. ఫ్రిజ్ అక్కర్లేని, షెల్ఫ్ మీద ఏడాదికి పైగా ఆగే, కేకులోనూ టీలోనూ కలిపే వీలున్న ప్రోబయోటిక్ అంటే కంపెనీలకి బంగారం. రవాణా ఖర్చు తగ్గుతుంది, సరుకు పాడవదు. వేడికి తట్టుకోవడం వల్ల మొదటి లాభం వాళ్ళకి. మనకి ఎంత లాభమో విడిగా చూడాలి.

పరీక్షల్లో ఏం తేలింది

ముందు మంచి మాట. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి ఇది హాని చేసేది కాదు. 2012లో అమెరికా ఎఫ్‌డీఏ జీబీఐ-30 రకాన్ని ఆహారంలో వాడటం మీద తనకి ప్రశ్నలు లేవని చెప్పింది. యూరప్ ఆహార భద్రతా సంస్థ కూడా ఈ జాతిని సురక్షితమని భావించే జాబితాలో పెట్టింది.

కడుపు ఉబ్బరం, గ్యాస్, తరచూ నొప్పి, ఒకరోజు మలబద్ధకం ఒకరోజు విరేచనం, ఇలా నెలల తరబడి ఉండేదాన్ని ఐబీఎస్ అంటారు. దానిమీద కొన్ని చిన్న పరీక్షల్లో ఉపయోగం కనబడింది. ఉదాహరణకి లాక్టోస్పోర్ మీద ఇండియాలో చేసిన ఒక పరీక్ష 2016లో అచ్చయింది. 36 మంది, 90 రోజులు, రోజుకి 200 కోట్ల స్పోర్లు. వేసుకున్నవాళ్ళకి ఉబ్బరం, నొప్పి, విరేచనాలు తగ్గాయని రాశారు. అయితే 36 మంది అంటే మన ఒక క్రూ అంత. పరీక్ష చేయించిందీ ఆ సరుకు అమ్మే కంపెనీయే. అంతమాత్రాన అబద్ధమని కాదు. ఒక్క క్యూబ్ టెస్టు చూసి స్లాబ్ మొత్తం పాస్ చేయం, అంతే. 2020లో అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం ప్రోబయోటిక్స్ అన్నింటినీ పరిశీలించి, ఐబీఎస్‌కి వీటిని పరిశోధనలో భాగంగా తప్ప వాడమని చెప్పడానికి ఆధారం సరిపోదంది.

యాంటీబయోటిక్ వేసుకునేటప్పుడు కొన్ని రకాల ప్రోబయోటిక్స్ సాయపడవచ్చని అదే సంఘం పేర్లతో సహా చెప్పింది. ఆ పేర్లలో కోయాగ్యులాన్స్ లేదు.

ఇక మనవాళ్ళందరూ అడిగేది, హఠాత్తుగా పట్టుకునే నీళ్ళ విరేచనాలు. దీనిమీద సూటిగా చేసిన పరీక్ష మన దేశంలోనే ఉంది. కోల్‌కతాలోని జాతీయ కలరా, పేగు వ్యాధుల సంస్థ డాక్టర్లు నీళ్ళ విరేచనాలతో వచ్చిన చిన్నపిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఈ బ్యాక్టీరియా, ఇంకో గుంపుకి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో ఇచ్చేవాళ్ళకీ తెలియదు. రెండు గుంపులకీ మామూలు వైద్యం నడిచింది. 2011లో ఫలితం అచ్చువేశారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. విరేచనాలు ఎన్ని రోజులున్నాయి, ఎంత పోయింది అన్నదాంట్లో ఈ బ్యాక్టీరియా ఏమీ మార్చలేదు.

ఈ ఒక్క ఫలితం గుర్తుపెట్టుకోండి. ఊళ్ళో పిల్లాడికి మోషన్స్ అని ఇంటినుంచి ఫోన్ వస్తే, "అమెరికా నుంచి పంపిన ఆ మాత్రలున్నాయిగా, అవి వెయ్యండి" అని చెప్పి ఊరుకోకుండా ఉండటానికి.

విరేచనాలు పట్టుకున్న రోజు ఏం చేయాలి

విరేచనాల్లో మనిషిని దెబ్బతీసేది ఒంట్లోంచి పోయే నీళ్ళు, ఉప్పు. మనం చేసేది ఎండలో పని. పని చేస్తుంటే చెమట రూపంలో ఎలాగూ పోతుంది. ఎండ రోజుల్లో ప్రతి 15, 20 నిమిషాలకి ఒక కప్పు నీళ్ళు తాగమని ఇక్కడి ఓషా చెప్తుంది, మామూలు ఆరోగ్యం ఉన్నవాడికే. పైనుంచి చెమట, కిందనుంచి విరేచనం రెండూ కలిస్తే మధ్యాహ్నానికే మనిషి పడిపోతాడు. నిచ్చెన మీద ఉండగా కళ్ళు తిరిగితే సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకే ఆ రోజు మొదటి మందు ఓఆర్ఎస్. చవకైంది, ఎక్కడైనా దొరుకుతుంది, దానికీ ఫ్రిజ్ అక్కర్లేదు. 1971 బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా పెచ్చుమీరితే సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన నీళ్ళని డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. 30 శాతం దాకా ఉన్న చావులు 4 శాతం లోపుకి పడిపోయాయి. కిటుకు ఏమిటంటే, విరేచనాలు అవుతున్నా పేగు గోడకి గ్లూకోజ్‌ని, సోడియంని కలిపి లోపలికి లాక్కునే శక్తి పోదు. అవి వెళ్ళేటప్పుడు నీళ్ళని కూడా వెంట తీసుకెళ్తాయి. అందుకే ఉత్త నీళ్ళు చాలవు, ఉత్త ఉప్పునీళ్ళూ చాలవు.

ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళలో కలపమంటే అన్నింట్లోనే కలపండి, ఎక్కువా వద్దు తక్కువా వద్దు. ఇండియా నుంచి తెచ్చుకున్న పెద్ద ప్యాకెట్ సాధారణంగా 1 లీటరుకి. ప్యాకెట్ లేకపోతే 1 లీటరు శుభ్రమైన నీళ్ళలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, చదునుగా, కుప్ప లేకుండా. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, కాబట్టి అందాజుగా వెయ్యొద్దు. రోజంతా కొంచెం కొంచెంగా తాగండి. కూల్ డ్రింకులు, ఎనర్జీ డ్రింకులు దీనికి బదులు కావు. అన్నం, పెరుగు, అరటిపండు, ఏది పడితే అది తినొచ్చు, పస్తులుండక్కర్లేదు.

ఇంటిదగ్గర పిల్లలకైతే ఓఆర్ఎస్‌తో పాటు జింక్ ఇవ్వాలని డబ్ల్యూహెచ్ఓ చెప్తుంది. మొత్తం 10 నుంచి 14 రోజులు. పల్లెల్లో ఆశా కార్యకర్తని అడగమనండి.

ఇవి కనబడితే ఇంట్లో ఉండకండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి: మలంలో రక్తం, గట్టి జ్వరం, ఏది తాగినా వాంతి, చాలాసేపు మూత్రం రాకపోవడం, నిలబడితే కళ్ళు తిరగడం, పెద్దవాళ్ళకి రెండ్రోజులు దాటినా తగ్గకపోవడం. మాట తడబడటం, అయోమయం ఉంటే అది ఎమర్జెన్సీ, అంబులెన్స్ పిలవండి. ఫోర్‌మన్ ఏమనుకుంటాడో, జీతం కట్ అవుతుందేమో అని ఆగొద్దు.

అయినా కొనాలనుకుంటే సీసా ఎలా చదవాలి

మీకు తరచూ గ్యాస్, ఉబ్బరం ఉంది, డాక్టర్‌కి చూపించుకుంటే పెద్ద జబ్బేమీ లేదన్నారు, ఒకసారి వాడి చూద్దాం అనుకుంటున్నారు. తప్పేం లేదు. నేనైతే ఇలా చూస్తా.

ఒకటి, పూర్తి పేరు. జాతి పేరు తర్వాత రకం కోడ్ ఉండాలి, జీబీఐ-30 6086 అనో, ఎంటీసీసీ 5856 అనో, ఎస్‌ఎన్‌జెడ్ 1969 అనో. ఊరికే "ప్రోబయోటిక్ మిశ్రమం" అంటే కుదరదు. మేస్త్రీ "మంచి స్టీలు వేశాం" అంటే గ్రేడ్ ఎంత అని అడుగుతాం కదా, అలాగే. ఒక రకం మీద చేసిన పరీక్ష ఇంకో రకానికి వర్తించదు.

రెండు, లెక్క. సీఎఫ్‌యూ అని ఉంటుంది, బతికున్న బ్యాక్టీరియా ఎన్ని అని. ఒక బిలియన్ అంటే 100 కోట్లు. ఆ లెక్క తయారైన రోజుదా, గడువు చివరి రోజుదా అని చూడండి. గడువు చివరిదాకా హామీ ఇచ్చినది మేలు. అంకె పెద్దదైనంత మాత్రాన ఎక్కువ పని చేస్తుందని లేదు.

మూడు, అమెరికా సీసాల మీద చిన్న అక్షరాల్లో ఒక పెట్టె ఉంటుంది. ఈ మాటల్ని ఎఫ్‌డీఏ పరిశీలించలేదు, ఇది ఏ జబ్బునీ నయం చేయడానికి కాదు అని దాని అర్థం. 1994 చట్టం ప్రకారం ఇవి మందుల కింద రావు, ఆహార సప్లిమెంట్ల కింద వస్తాయి. ముందువైపు పెద్ద అక్షరాలు ఎంత గొప్పగా ఉన్నా వెనక ఉన్న ఈ పెట్టే అసలు మాట.

నాలుగు, తొడుగు. చాలా క్యాప్సూల్స్, గమ్మీలు జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల నుంచి వచ్చేది. శాకాహారులైనా, హలాల్ చూసుకునేవాళ్ళైనా ఆ లైను చదవండి. గమ్మీల్లో చక్కెర కూడా ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు గమనించండి.

ఐదు, నిల్వ. వేడికి తట్టుకుంటుందని ఎండలో ఉన్న ట్రక్కు డాష్‌బోర్డు మీద పడేయకండి. స్పోర్ తట్టుకున్నా క్యాప్సూల్ తొడుగు మెత్తబడి అతుక్కుపోతుంది. వేడి కంటే పెద్ద శత్రువు తేమ. మూత బిగించండి, లోపల ఉన్న చిన్న తెల్ల పొట్లం తీసేయకండి, చెమట చేత్తో మాత్రలు కెలకకండి. సిమెంటు బస్తాని నేలకి తగలకుండా పెడతాం చూడండి, అదే జాగ్రత్త.

ఆరు, గడువు పెట్టుకోండి. నాలుగు వారాలు వాడి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి. నెల నెలా అలవాటుగా కొంటూ పోవద్దు.

ఎవరు తీసుకోకూడదు

కీమో తీసుకుంటున్నవాళ్ళు, అవయవ మార్పిడి జరిగినవాళ్ళు, రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నవాళ్ళు, ఒంట్లో సెంట్రల్ లైన్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా ఏ బతికున్న బ్యాక్టీరియా మాత్రా వేసుకోకూడదు. నెలలు నిండక పుట్టిన పసిపిల్లలకి అసలే వద్దు. వాళ్ళకి ప్రోబయోటిక్స్ ఇవ్వడం ప్రమాదమని 2023లో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. "సహజమైనదే కదా" అని ఇంటికి పార్సిల్ పంపేటప్పుడు ఈ మాట కూడా పంపండి.

డబ్బు లెక్క

మీ దగ్గర కడుపు కోసం పెట్టడానికి కొంచెం డబ్బే ఉంటే ఈ వరసలో పెట్టండి. ముందు శుభ్రమైన నీళ్ళు, సబ్బు. తర్వాత టూల్ బ్యాగులో ఎప్పుడూ నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు. తర్వాత రోజూ ఒక గిన్నె పెరుగు. ఇండియన్ షాపులో కొన్నా సరే, రూములో తోడు వేసుకున్నా సరే. ఇవన్నీ అయ్యాక ఇంకా మిగిలితే, ఉబ్బరం లాంటి ఇబ్బంది ఉంటే, అప్పుడు ఈ మాత్రల సంగతి చూడొచ్చు.

మీ సీసా మీద ఏ పేరుందో, ఏ కోడ్ ఉందో అర్థం కాకపోతే వెనకవైపు ఫోటో తీసి మాకు పంపండి. మందు చెప్పలేను గానీ, ఏం రాసుందో తెలుగులో చెప్తాను. వచ్చే ఎపిసోడ్‌లో ఎండ దెబ్బ గురించి: ఏది మామూలు అలసట, ఏది అంబులెన్స్ పిలవాల్సినది అని. అప్పటిదాకా నీళ్ళు తాగుతూ ఉండండి.